హెడ్‌లైటు కోసం కోసిన రంధ్రం

వానల్లేక మా చేను బీడుపడిన ఏడు. కళ్యాణదుర్గంలో ఇంటి ముందర మా అన్న పాత జీపు ఛాసిస్ చట్రం మీద ఫైబర్ బాడీ బిగించి, సొంతంగా కారు తయారుచేస్తున్నాడు. హెడ్‌లైటు కోసం గ్రైండరుతో బానెట్ పక్కన రంధ్రం కోస్తుంటే, ఫైబర్ వణక్కుండా నేను ఇంకా ఇంజను పెట్టని బానెట్ లోపల, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని అరచేతులతో అదిమి పట్టుకున్నాను. బ్లేడు లోపలికి దూసుకొచ్చి నా చున్నీని లాగేసుకుంది. అది మెడకు బిగుసుకుంది. ఆ రొదలో నా కేక అన్నకు వినపడలేదు.

కట్టెలు కొడుతున్న నాయన, కారు కింద కొట్టుకుంటున్న నా కాళ్లు చూసి, గొడ్డలితో గ్రైండరు వైరు నరికేశాడు.

"ఏం నాయనా, వైరెందుకు నరికినావు?" అంటూ అన్న ఆయన మీదికి పోయాడు.

నాయన వాడి జుట్టు పట్టి రంధ్రానికేసి వంచాడు. "నీ చెల్లెలు యాడుండాదో చూడు."

నన్ను బయటికి లాగాక, అదే గొడ్డలితో కారు బాడీని ముక్కలు చేశాడు. అన్న ఆపలేదు.

ఇప్పటికీ గ్రైండరు మోత వింటే నా చెయ్యి మెడ మీదికి పోతుంది.