గోరంత బొమ్మలు

స్టూడియోలో పాతకాలపు ఫొటో ఫైళ్లను కొత్తరకంలోకి మార్చే ఆవిడ అందరికీ అక్కయ్యే. మార్చిన ప్రతి బొమ్మనూ తెరమీద గోరంతగా చూసి, "బాగానే ఉన్నావులే" అని పలకరించి, "పీడా పోయింది" అంటూ పాత ఫైలును చెరిపేస్తుంది. ఇవాళ ఒకాయన వచ్చి, చనిపోయిన తల్లి ఫొటోను పెద్దది చేసిమ్మన్నాడు. చేసింది. ముఖం ఉండాల్సిన చోట అన్నీ గళ్లే. ఇంకొకరి ఫొటో తెరిచింది, అందులోనూ గళ్లే. ఇన్నాళ్లూ మార్పిడికి వాడిన కొత్త ప్రోగ్రాం అసలు ఫొటోలను వదిలేసి, ఫైళ్లలో గుర్తుకోసం ఉండే వాటి గోరంత నమూనాలనే మార్చి దాచిందని అప్పుడర్థమైంది. అక్కయ్య కళ్లద్దాలు తీసి తుడిచింది, మళ్లీ తుడిచింది.

"మా అమ్మేదండీ?" అన్నాడాయన.

అక్కయ్య బొమ్మను తిరిగి చిన్నది చేసింది. గోరంత తల్లి నవ్వింది.

"ఇంతే మిగిలింది బాబూ."