కోయంబత్తూరుకు గంట ప్రయాణం

2003వ సంవత్సరం. ధర్మవరం బస్టాండు ఎదురుగా నాకొక టికెట్ల అంగడి ఉండేది. బస్సు, రైలు టికెట్లే ఎక్కువ. విమానం టికెట్టు నెలకొకటి తెగితే గొప్ప. అందుకే విమానం బేరం వచ్చిందంటే నాకు కాస్త గర్వం, కాస్త నోటి దురద. మా వృత్తిలో ఫ్లైట్ టైమ్ అని ఒకటుంది. విమానం ఒక ఊళ్ళో లేచి ఇంకో ఊళ్ళో దిగేవరకు పట్టే సమయం, అంతే. బెంగళూరు నుంచి కోయంబత్తూరుకు అది గంట. అంగట్లో కూర్చుని ఆ గంట ముచ్చట ఎంతమందిని ఊరించి చెప్పానో లెక్కలేదు.

ఒకరోజు పొద్దున ఏడింటికి షట్టర్ తీస్తుండగా నేతపని చేసే నాగప్ప వచ్చాడు. అతని అక్కను కోయంబత్తూరు పక్కన ఒక నేతగాళ్ళ పల్లెకు ఇచ్చారు. తెల్లవారుజామున ఆమె పోయిందని కబురొచ్చింది. నాగప్ప సంకలో తువ్వాలు చుట్టిన ఎర్ర పట్టుచీర ఉంది. ఆడబిడ్డ పోతే పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పి సాగనంపాలి. అమ్మా నాయనా ఎప్పుడో పోయారు కాబట్టి ఆమెకు పుట్టిల్లంటే నాగప్ప ఒక్కడే. ఆ చీర కూడా అతను నేసిందే.

"బస్సులో పోతే రాత్రవుతాది. పొద్దుగూకేలోగా ఎత్తేస్తారన్నా. ఎట్లన్నా చేసి నన్ను ఆడికి చేర్చు" అన్నాడు.

బెంగళూరులో మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒక చిన్న విమానం ఉంది. ఫోన్ మీద సీటు పట్టాను, టాక్సీ మాట్లాడాను. గంట ముందే విమానాశ్రయంలో ఉండాలని, దాన్ని రిపోర్టింగ్ టైమ్ అంటారని చెప్పాను. ఇంతవరకూ నా పని సరిగ్గానే చేశాను. నాగప్ప టాక్సీ ఎక్కుతూ, వాళ్ళ బావకు కబురు నన్నే చెప్పమన్నాడు.

ఫోన్లో ఆయన అడిగింది ఒకటే, ఎంతసేపట్లో వస్తాడని. నేను అలవాటైన నోటితో, "ఏమీ దిగులు పడొద్దప్పా, విమానంలో పంపిస్తాండా. గంట ప్రయాణమే" అన్నాను. బెంగళూరు చేరడానికే నాలుగైదు గంటలని, దిగాక పల్లెకు ఇంకో గంట రోడ్డని చెప్పలేదు. దాచడం కాదు, నాకు తట్టనేలేదు.

మూడోరోజు నాగప్ప అంగడికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. విమానం వేళకే లేచి వేళకే దిగిందట. పల్లె చేరేసరికి మాత్రం నాలుగు దాటింది. అప్పటికే చితి కాలుతోంది. వాళ్ళు పదింటి నుంచి వాకిట్లో ఎదురుచూసి, రెండయ్యాక ఇంక రాడులే అని ఎత్తేశారు.

"నాలుగింటికి వస్తాడని చెప్పింటే నాలుగు దాకా పెట్టుకుంటాంటిమి అన్న్యాడన్నా మా బావ. మా అక్కకు తమ్ముడు రాలేదని ఊరంతా అనుకున్న్యారంట" అన్నాడు. కోప్పడలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

చీర ఏం చేశావని అడగలేకపోయాను. అతను మగ్గానికి పోవాలని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఎవరడిగినా నేను ఫ్లైట్ టైమ్ ముందు చెప్పను. ఇల్లు వదిలింది మొదలు అవతలి ఇంటి గడప తొక్కేదాకా లెక్కేసి, పైన ఇంకో గంట కలిపి చెప్తాను. అంతసేపా అని బేరం వదిలి పోయినవాళ్ళున్నారు. పోనీ. ఇంత చిన్న లెక్క నేను నేర్చుకోవడానికి ఒక ఆడబిడ్డ పుట్టింటి చీర లేకుండా కాటికి పోవాల్సి వచ్చింది.