గీత పడిన కాడ

బంగారుపాళ్యంలో మా అత్త ఆదివారం వంటకు కూర్చుంటే పక్కన గ్రామఫోన్లో పాత ఏసు పాటల ప్లేట్లు తిరగాల్సిందే. ఒకరోజు ఆ రొద ఓర్వలేక ముల్లును విసురుగా లాగేసినాను. ప్లేటు మీద గీత పడింది. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఆదివారం ఆ గీత కాడ ముల్లు ఒక లైను దాటి ఎగిరింది. మా మామ తల ఎత్తేలోపల ఆ లైను మా అత్తే పాడేసింది, ఉల్లిపాయలు తరుగుతానే. నా దిక్కు చూడలేదు. కన్నుమూసేదాకా ప్రతి వారం అట్లే పాడింది.

చర్చి వాళ్ళు అడిగినారని నిన్న ప్లేట్లన్నీ ఒక్కొక్కటే వింటా ఫోన్లోకి ఎక్కిస్తాంటే, ఆ గీత కాడ ముల్లు మళ్ళీ ఎగిరింది.

"ఏందిమా, ఈడ ఒక లైను లేదే?" అనింది నా కూతురు.

"పాతది కదా, అరిగిపోయుంటాది" అన్నాను.

ఆ లైను నాకు కంఠతా వచ్చు. పాడేదానికి నోరు రాలేదు.