పాత నీళ్ళ తోడు

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో కరెంటు పోయింది. ఫ్యాను ఆగినందుకు నాకు మెలకువ రాలేదు. వసారాలో తాబేలు తొట్టి పక్కన ఎప్పుడూ గలగలమంటూ ఉండే ఫిల్టరు చప్పుడు ఆగినందుకు వచ్చింది. లేచి చూస్తే మా ఆయన నాకంటే ముందే అక్కడ చేరి, నీళ్ళకు గాలి తగలాలని చెంబుతో ముంచి పైనుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ కూర్చున్నాడు. ఊరి చుట్టూ కనుచూపు మేర సోలారు పలకలు, ఇంట్లో కరెంటు లేదు, డెబ్బై దాటిన మనిషి తాబేలుకు ఊడిగం చేస్తున్నాడు. నవ్వుకున్నాను గానీ, అదే తొట్టి దగ్గర నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మా క్యాతగానచెర్లలో భూములు సోలారుకు ఏళ్ళ తరబడి కౌలుకు ఇచ్చినప్పుడు మాదీ వెళ్ళింది. శెనక్కాయ పండే ఆ చేలో ఒక రాతికట్టు బావి ఉండేది, ఆ బావిలో ఒక తాబేలు ఉండేది. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, తాగే నీళ్ళు బాగుండాలని బావిలో తాబేలును వదలడం మన పెద్దల అలవాటు. పురుగూ పాచీ తిని నీళ్ళు తేటగా ఉంచుతుందని నమ్మకం. బావి పూడ్చే రోజున మా ఆయన తాడు పట్టుకుని దిగి, దాన్ని గోనెసంచిలో పైకి తెచ్చి, ఊరి చెరువులో వదిలి వచ్చాడు. ఆ వేసవి చెరువు ఎండి నెర్రెలిచ్చింది. ఆయన చాలా రోజులు పొద్దున్నే ఆ బురద చుట్టూ తిరిగి వచ్చేవాడు, ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు.

కౌలు డబ్బులు వస్తున్నా చేతికి పని లేకపోతే మా ఆయనకు అన్నం సహించేది కాదు. నాకు మాత్రం యాభై దాటాక జీవితంలో మొట్టమొదటిసారి ఉద్యోగం దొరికింది, పలకలు కడిగే పని. ట్యాంకరు నీళ్ళతో, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి గుడ్డతో, తలకు కొంగు చుట్టుకుని, మా వీధి ఆడవాళ్ళమంతా వరసలు పంచుకుని కడిగేవాళ్ళం. పై అధికారి వచ్చి వేలితో రుద్ది చూసేవాడు, దుమ్ము అంటితే మళ్ళీ మొదటినుంచి. నా వరసలో ఆ వేలికి ఏనాడూ మరక అంటలేదు. ఇంట్లో గిన్నెలూ గడపలూ కూడా అదే పద్ధతిలోకి వచ్చాయి, మా ఆయన గడప దాటాలంటే కాళ్ళు రెండుసార్లు కడుక్కోవాలి. ఆ గర్వం నాకు బాగానే తలకెక్కింది, ఒప్పుకుంటాను.

అప్పుడు వచ్చింది ఈ తాబేలు. బెంగళూరులో మా కూతురు ఇల్లు మారుతుంటే కొత్త ఇంటి ఓనరు జంతువులు కూడదన్నాడట, అంగట్లో కొన్న అరచేతంత తాబేలును, దాని అద్దాల తొట్టినీ మా దగ్గర దింపి వెళ్ళింది. చెంపల మీద ఎర్రచార ఉన్న పరదేశపు తాబేలు. మా ఆయన రెండు రోజులు దూరంనుంచి చూశాడు, మూడో రోజు తొట్టి పక్కన పీట వేసుకున్నాడు. దాంతో వచ్చిన చిన్న ఫిల్టరు వారం తిరిగేసరికి చేతులెత్తేసింది, నీళ్ళు పచ్చబడి వాసన కొట్టాయి. సరే అని ఇద్దరం బస్సెక్కి హిందూపురం పోయి చేపల అంగడి వెతుక్కున్నాం. తాబేలు చేపలాగా కాదు, తిండీ ఎక్కువ, మురుగూ ఎక్కువ, కాబట్టి తొట్టిలో పట్టే నీళ్ళకు రెండు మూడింతలు లాగే ఫిల్టరు కావాలని, తొట్టి బయట కింద పెట్టే డబ్బా రకం అయితే మంచిదని అంగడాయన ఓపికగా చెప్పాడు. డబ్బా లోపల పైన దూది, మధ్యలో స్పాంజి, అడుగున పింగాణీ ఉంగరాలు. శుభ్రం చేసే పద్ధతి కూడా ఆయన చెప్పాడట. అది మా ఆయన విన్నాడు. నేను ఆ సమయంలో పక్క అంగట్లో గాజులు చూస్తున్నాను.

కొన్నాళ్ళకు మా ఆయన అరసికెరెలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో పెళ్ళి పనులకని నాలుగు రోజులు వెళ్ళాడు. తిండి వేయడం ఒక్కటే నాకు అప్పజెప్పాడు, డబ్బా ముట్టుకోమని చెప్పలేదు. నేనే ఊరుకోలేక మూత తీశాను. ఏం చెప్పమంటారు, స్పాంజి నిండా గోధుమరంగు జిగురు, ఉంగరాల నిండా బురద! ఇన్నాళ్ళూ ఈ మనిషి తుడిచినట్టు నటించాడనుకుని, అన్నీ బయటేసి సబ్బుపొడితో తోమి, బోరునీళ్ళతో జాడించి, ఉంగరాలు వేణ్ణీళ్ళలో ఉడికించి, మిద్దెమీద ఎండకు ఆరబోశాను. తొట్టి అద్దాలు, అడుగు రాళ్ళు కూడా వదల్లేదు. నీళ్ళన్నీ పారబోసి కొత్తవి నింపాను. అధికారి వేలు పెట్టి చూసినా తప్పు పట్టలేడు.

ఆయన తిరిగొచ్చేసరికి తొట్టి నీళ్ళు పల్చటి పాలలాగా తెల్లబడ్డాయి. తాబేలు రాయెక్కి కూర్చుంది, కళ్ళు వాచి మూసుకుపోయాయి, ఎంత ఇష్టమైన తిండి వేసినా మెడ చాపదు. ఆయన ప్రయాణపు సంచి కూడా దించకుండా పీట మీద కూలబడి, ఎవరితోనో అన్నట్టు, “బాయిలోదాన్ని తీసకపోయి ఎండే చెరువులో ఇడిసినా. ఇది గూడా నా చేతిలోనే పోతాదేమో,” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు దాచుకోవడం చేతకాలేదు. చేసిందంతా చెప్పేశాను. తిడితే బాగుండేదనిపించింది, ఆయన తిట్టలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు.

అంగడాయనకు ఫోను చేశాను. అమ్మా, ఆ జిగురే కదమ్మా నీళ్ళు బాగుచేసేది, కంటికి కనిపించని సూక్ష్మజీవులు అందులో కాపురముంటాయి, తొట్టి నీళ్ళలోనే పైపైన పిండాలి గానీ సబ్బు పెడతారా అన్నాడు. ఫోను పెట్టేసి నిలబడ్డచోటే నిలబడిపోయాను, ఎందుకంటే ఆ సంగతి నాకు పదేళ్ళప్పుడే తెలుసు. పుట్టింట్లో వేసవిలో బావి పూడిక తీసే రోజు మా అవ్వ తెల్లారకముందే వెళ్ళి రెండు కడవల పాత నీళ్ళు, చారెడు పాచి తీసి వేపచెట్టు కింద దాచేది; తాబేలును కూడా ఆ నీళ్ళు పోసిన తొట్టిలోనే ఉంచేది. పూడిక తీసి కొత్త జల ఊరాక ఆ కడవలు మళ్ళీ బావిలో గుమ్మరించేదాకా ఎవరినీ ఒక చేద కూడా తోడనిచ్చేది కాదు. మురికి నీళ్ళెందుకే అవ్వా అంటే, “పాలకు తోడెయ్యకుండా పెరుగైతాదా పిల్లా?” అనేది. అవ్వ కడవలు మోసిన దాన్నే నేను, అదంతా మరిచి సబ్బు పట్టుకున్నాను.

మర్నాడు నేనొక్కదాన్నే హిందూపురం పోయాను. అంగడాయన తన తొట్లలో బాగా నడుస్తున్న స్పాంజి ఒకటి, దాన్ని పిండిన మురికి నీళ్ళు పాలక్యానులో పోసి ఇచ్చాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తొణికినప్పుడల్లా కొంగుతో మూత అదుముతూ కూర్చుంటే, కండక్టరు, “ఏంది పెద్దమ్మా, నెయ్యా?” అన్నాడు. తోడు నాయనా అన్నాను. ఇంటికొచ్చి స్పాంజిని ఫిల్టరు డబ్బాలో పెట్టి, ఆ నీళ్ళు అందులో పోశాను. ఆ పైన ఇద్దరం రోజూ మూడో వంతు నీళ్ళు మార్చాం, తిండి తగ్గించాం, పశువుల డాక్టరు ఇచ్చిన చుక్కలు కళ్ళలో వేశాం. పదో రోజో పన్నెండో రోజో, నేను గిన్నెలు తోముతుంటే వసారాలోంచి కేక వినిపించింది. పరుగున వెళ్తే తాబేలు మెడ చాపి ఆయన చేతిలోని ఆకును లాగుతోంది. ఆయన కళ్ళు తుడుచుకుని, అన్నాళ్ళకు నా మొహం చూసి, “నిన్ను వదిలితే నన్ను గూడా తోమి మిద్దెమీద ఆరేస్తావు గదే!” అన్నాడు. ఆ తిట్టు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

నిన్న కరెంటు వచ్చాక ఫిల్టరు మళ్ళీ గలగలమంది, ఆయన చెంబు పక్కన పెట్టి చేతులు నొక్కుకున్నాడు. ఈ జాతి తాబేళ్ళు ముప్పై, నలభై ఏళ్ళు కూడా బతుకుతాయట. కౌలు గడువు తీరి మా భూమి మా వాళ్ళ చేతికి తిరిగి వచ్చే రోజున ఇది ఉంటుందేమో గానీ మేముండం. ఆ రోజున మనవలు మళ్ళీ బావి తవ్వుకుంటారో లేదో, తవ్వినా అందులో తాబేలును వదలాలని వాళ్ళకు తోస్తుందో లేదో నాకు తెలియదు. మా అవ్వ చేతిలో కడవ ఉండేది, నా ఒళ్ళో పాలక్యాను ఉండేది. నిన్న సాయంత్రం మా కూతురికి ఫోను చేసి, స్పాంజి ఎలా పిండాలో, పాత నీళ్ళు ఎంత మిగల్చాలో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఇప్పుడెందుకమ్మా ఇదంతా అంది. రాసుకో అన్నాను.