గ్యారేజీలో పండగ కూర

పొద్దున మా కోడలు వీధి తలుపుకి ఆకుపచ్చ కాగితపు దండ కట్టింది. మూడేసి రేకుల ఆకులు. మార్చి వచ్చిందంటే అమెరికాలోని ఈ అరోరా ఊళ్లో ఏ దుకాణంలో చూసినా అవే. కోడలి తాతముత్తాతలు ఐర్లండు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు, ఇది వాళ్ల పండగ. ఆ దండ చూస్తే నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఎందుకో రాస్తాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, తిప్పి తిప్పి రాయడం నాకు రాదు.

నేను ఈ దేశం వచ్చిన తొలి మార్చిలో వియ్యపురాలు మమ్మల్ని పండక్కి పిలిచింది. భర్త పోయిన మనిషి, ఒక్కతే ఉంటుంది. కొడుకు స్నేహితుడూ అతని భార్యా కూడా వచ్చారు, తెలుగువాళ్లే. ఇల్లంతా పచ్చే. కుర్చీలకు పచ్చ రిబ్బన్లు, బల్ల మీద పచ్చ గుడ్డ, ఆఖరికి ఆమె పెంచుకునే పిల్లి మెడలో కూడా పచ్చ పీలిక. పెళ్లిచూపులకు బలవంతంగా కూర్చోబెట్టిన పిల్లలా మొహం పెట్టింది పాపం. ఆ రోజు పచ్చ కట్టాలని కోడలు చెబితే, నేనూ ఉన్న ఒక్క పచ్చ పట్టుచీర కట్టుకుని పోయాను.

లోపల అడుగు పెట్టగానే వాసన తగిలింది. ఉప్పులో ఊరేసిన పెద్దకూర, క్యాబేజీతో కలిపి ఉడుకుతోంది. నా నోట్లో నీళ్లూరాయి. మా అమ్మ పెద్దకూరని సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. పనులు దొరకని వానాకాలంలో ఆ తునకలే మా ప్రాణాలు నిలిపాయి. గోంగూరలో వేసి వండితే ఆ రుచే వేరు. నాకు దాని వాసన పొయ్యి దగ్గరికి పోకుండానే తెలుస్తుంది.

నేను నోరు తెరిచేలోపే కొడుకు వియ్యపురాలితో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. కోడలు తనకొచ్చిన తెలుగులో నాకు చెప్పింది: "అత్తమ్మా, సారీ. నీకు బీఫ్ స్మెల్ పడదు అంట. మాకు తెలీదు. మమ్మీ విండో ఓపెన్ చేస్తుంది."

స్నేహితుడి భార్య అందుకుంది. "అవునాంటీ, మా అత్తయ్య అయితే ఆ వాసనకే తలస్నానం చేస్తారు. మీరు నిలబడ్డారు, గ్రేట్!"

కొడుకు నా చెవి దగ్గరికి వంగి, "అమ్మా, ఇయ్యాల ఏం మాట్లాడకే, నీకు దండం పెడ్త" అన్నాడు. ఇక్కడి మనవాళ్లలో ఏం తింటారన్న ప్రశ్న వెనక, మీరేమిట్లు, ఏ కులం అన్న ప్రశ్న ఉంటుంది. అది వాడికి తెలుసు. నాకూ తెలుసు. నోరు మూసుకున్నాను.

వియ్యపురాలు ఆ పెద్ద గిన్నె ఎత్తుకుపోయి గ్యారేజీలో పెట్టి వచ్చింది. నాకోసం అప్పటికప్పుడు వేరే గిన్నెలో ఆలుగడ్డలు ఉడికించి, వెన్నా ఉల్లికాడలూ వేసి మెదిపింది. వాళ్లమ్మ నేర్పిన సోడా రొట్టె కోసి పెట్టింది. కిటికీలన్నీ తెరిచిన ఇంట్లో అందరం కోట్లు తొడుక్కుని తిన్నాం, బస్టాండులో కూర్చున్నట్టు.

కాసేపటికి ఆమె కనబడలేదు. వెతుక్కుంటూ పోతే, గ్యారేజీలో కారు పక్కన మడతకుర్చీ వేసుకుని ఒక్కతే తింటోంది. తన ఇల్లు, తన పండగ. మా అమ్మ దొర ఇంట్లో వడ్లు దంచి, కొట్టం బయట ఇలాగే ఒక మూల కూర్చుని తినేది. నన్ను చూడగానే ఆమె పళ్లెం మీద చేతిగుడ్డ కప్పి "సారీ, సారీ" అంది.

నేను గుడ్డ తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఆమె బిత్తరపోయి చూసింది. తర్వాత నవ్వింది. ఇంకో ముక్క తనే కోసి నా చేతికిచ్చి "గుడ్?" అంది. "గుడ్" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు దానికి సరిపోయింది.

అంతలో "అమ్మా, యాడున్నవ్?" అని కొడుకు పిలుపు. వెనకే స్నేహితుడి భార్య గొంతు. నేను చేతిలో ముక్కని ఆమె పళ్లెంలోకి తోసేసి, పట్టుకొంగుతో మూతి తుడుచుకుని, "గాలికొచ్చిన బిడ్డా" అన్నాను. వియ్యపురాలి నవ్వు ఆగిపోయింది. నేనెందుకు దాచానో ఆమెకు అర్థం కాలేదు. తనే ఏదో తప్పు చేసినట్టు పళ్లెం మీద మళ్లీ గుడ్డ కప్పింది. మరుసటేడు నుంచి ఆమె ఆ కూర వండటమే మానేసింది.

తిరిగి వస్తుంటే కారులో కొడుకు నా పక్క అద్దం కొంచెం దించాడు. బయట మంచు పడుతోంది. నా పట్టుకొంగు ఇంకా ఆ కూర వాసన కొడుతోంది. వాడికి ఆ వాసన తెలియకపోవడమేంటి, బడికి పోయే వయసుదాకా నేను కలిపి పెట్టిన ముద్దలు తిన్నవాడే కదా. చలికి చేతులు కొంగులో దాచుకున్నాను గాని, అద్దం ఎత్తమని అడగలేదు.

ఏళ్లయింది. తల్లీకొడుకులం ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు. రోజులు గడిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయంటారు గాని, ఊరికే గడిచే రోజులు ఏదీ సర్దవు.