జ్ఞానప్రకాశం గారి తప్పు

రోజూ పొద్దున పాల ప్యాకెట్టు తెచ్చుకుంటూ జ్ఞానప్రకాశం గారు దారిలో ఒక్క తప్పయినా తన మీద వేసుకుంటారు. కుళాయిలో నీళ్లు రాకపోతే, "తప్పు నాదేనమ్మా, రాత్రే ఆ మోటారు చూసుంటే పోయేది" అంటారు. ఆ మోటారు పంచాయతీది. ఆయన దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. బస్సు రాకపోయినా, పాస్టరు గారి ప్రసంగం మధ్యాహ్నం దాటినా ఆయనదే తప్పు. తుఫానని బడికి సెలవిచ్చిన రోజు ఫెళ్లున ఎండ కాస్తే, ఆయన హెడ్మాస్టరు గారికి క్షమాపణ చెప్పారు.

మా సముద్రపు ఊళ్లో ఆయనది రిపేరు షాపు. ఎవరైనా మిక్సీ తెస్తే ముందు నేరం ఒప్పుకుని, తర్వాత మూత విప్పుతారు. "ఆయన దగ్గరికి పోతే వస్తువు బాగవుద్దే గానీ, మనమే ఏదో పాపం చేసినట్టుంటాది" అనేది మా అమ్మ.

మా వరండా పక్కనే మిషన్ స్కూలు గ్రౌండు, దాని షెడ్డు. నేను పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. స్కూలు రిపేర్లకు అక్కడికి వచ్చినప్పుడు ఆయన నన్ను మాట్లాడమని ఎప్పుడూ అడగరు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆ గ్రౌండుకు కూర్చుని నడిపే గడ్డి మిషను ఉంది. దాన్ని నడిపేది ఎలిశబెతు అక్క. భర్త పోయాక ఆ సీటే ఆమె ఇంటికి ఆధారం. ఆడమనిషి మిషనెక్కడం స్కూలు కమిటీ కోశాధికారి కిషోర్ బాబు గారికి మొదటి నుంచీ గిట్టదు. ఆటల పోటీల ముందు మిషను మొరాయించింది. ఇంజను గర్జిస్తుంది, బ్లేళ్ల స్విచ్చు లాగితే అవి నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతాయి. శనివారంలోగా గడ్డి కొయ్యకపోతే డ్రైవరును మార్చేస్తానని ఆయన తేల్చి చెప్పారు.

జ్ఞానప్రకాశం గారు వచ్చి ముందు మిషనుకు క్షమాపణ చెప్పారు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, కిందికి దూరారు. బ్లేళ్లకు చుట్టుకున్న గడ్డి పీకారు. తప్పు ఆయనదే. బెల్టు బిగించారు. అది వదులైనందుకూ ఆయనే కారణం. ఉప్పుగాలికి తుప్పు పట్టిన వైర్లు గీకుతూ సముద్రం తరఫున కూడా ఒప్పుకున్నారు.

తర్వాత ఎక్కి కూర్చుని స్విచ్చు లాగారు. బ్లేళ్లు ఝుమ్మని తిరిగాయి. ఆయన దిగి ఎలిశబెతు అక్కను ఎక్కించారు. ఆగిపోయాయి. మళ్లీ ఆయన ఎక్కారు. తిరిగాయి. అక్క ఎక్కింది. ఆగాయి.

"చూసినావా? మిషనుకు కూడా మగమనిషే కావాల" అని పక్కన నిలబడి చూస్తున్న కిషోర్ బాబు గారు నవ్వారు.

"తప్పు నాదే సార్" అన్నారు జ్ఞానప్రకాశం గారు, అలవాటుగా. "నేనింత లావుండకూడదు."

అని, తన మాట తనకే కొత్తగా వినిపించినట్టు ఆగిపోయారు. కిషోర్ బాబు గారు వెళ్లేదాకా ఊరుకుని, పనిముట్ల పెట్టె తెచ్చి అక్క ఒళ్లో పెట్టారు. స్విచ్చు లాగమన్నారు. బ్లేళ్లు హాయిగా తిరిగాయి. పెట్టె తీశారు. ఆగాయి.

సీటు కింద చిన్న స్విచ్చు ఒకటి ఉంటుందట. మనిషి లేకుండా బ్లేళ్లు తిరగకూడదని పెడతారట. దాన్ని నొక్కే బరువు అక్కలో లేదు. ఆమె చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఏందమ్మా, ఇంత చిక్కిపోయినావు?"

"కామెర్లన్నా. తగ్గిపోయినాయిలే. సెలవు పెడితే సీటు పోతాదని ఎవురికీ చెప్పలా. కిషోర్ బాబు గారికి చెప్పబాకన్నా."

ఆయన పెట్టెలోంచి స్పానరు తీశారు. సీటు బోల్టులు విప్పారు. కంపెనీ వాళ్లు వేసిన రంగు వాటి మీద అప్పుడే మొదటిసారి పగిలింది. అడుగున ఉన్న గట్టి స్ప్రింగు తీసి మెత్తటిది వేశారు. అక్కను కూర్చోబెట్టి చూశారు, తిరిగాయి. లేవమన్నారు, ఆగాయి. నమ్మకం కుదిరేదాకా ఆమెను గుంజీలు తీయించినంత పని చేశారు.

సాయంత్రం కిషోర్ బాబు గారు వచ్చి, ఇంతకీ ఏమైందని అడిగారు. అక్క నేల చూస్తోంది. నేను పేజీ తిప్పడం మానేశాను.

"తప్పు నాదే సార్. పోయినసారి సర్వీసు చేసినప్పుడు సీటు కింద గట్టి స్ప్రింగు వేసింది నేనే. పాపం ఆయమ్మ ఏం చేస్తాది?"

"నాకు ముందు నుంచీ నీ మీదే అనుమానం" అన్నారు కిషోర్ బాబు గారు, తృప్తిగా.

అన్ని తప్పులూ ఒప్పుకునే మనిషి ఇంకొకటి ఒప్పుకుంటే ఎవరికి మాత్రం సందేహం వస్తుంది? శనివారానికి గ్రౌండు నున్నగా తయారైంది. ఎలిశబెతు అక్క సీటు ఆమెకే ఉంది. ఒళ్లు కూడా కాస్త చేసింది.

స్కూల్లో ఫ్యాన్లూ మైకూ ఇప్పటికీ జ్ఞానప్రకాశం గారే చూస్తారు. గడ్డి మిషను మీద మాత్రం ఆయన చెయ్యి వేయకూడదని కమిటీ తీర్మానం చేసింది.