రాయి బతికించిన పిల్లవాడు

నా చిన్నప్పుడు ఏడాది పాటు నన్ను చూడ్డానికి జనం ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నల్లత్రాచు కరిచినా చావని పిల్లవాణ్ణి నేను. కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మాది చిన్న ఊరు, అందులో సగం ఇళ్ళు కతోలికులవి. వచ్చినవాళ్ళు ముందు గుడిలో మరియమాత స్వరూపం ముందు మోకరించి, ఆ తర్వాత మా ఇంటికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని చూసేవాళ్ళు. ముసలమ్మలు ఆ చేతిని కళ్ళకద్దుకునేవాళ్ళు. బెల్లం ఇచ్చారు, జామకాయలు ఇచ్చారు, ఒకాయన కోడిపుంజునే ఇచ్చిపోయాడు. అన్నీ తిన్నాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది.

ఈమధ్య మా విచారణలో, అంటే మా గురువు కింద ఉండే ఊళ్ళలో, ఒకాయన ఫోనులో వీడియో చూపించి, ఎక్కడో మరియమాత స్వరూపం కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయని, పదిమందికి పంపమని అన్నాడు. గుడి పైకప్పు కురుస్తోందేమో ఎవరైనా ఎక్కి చూశారా అని అడిగాను. ముసలితనంలో నాకు విశ్వాసం సన్నగిల్లిందని నా ముఖం మీదే అన్నాడు. డెబ్బై దాటినవాడి విశ్వాసాన్ని ఫోను చూసి కొలుస్తారా? ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. బడి నాకు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా నాకు నేనుగా చదువుకున్నదే. రాతలో తప్పులుంటే దిద్దుకోండి, జరిగినదాంట్లో మాత్రం తప్పు లేదు.

మా తాతయ్య ఊరికి ఉపదేశి. గురువు నెలకొకసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా ఆదివారాలు గుడిలో జపాలు చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేది తాతయ్యే. మరియమాత పాదాల దగ్గర రేకు డబ్బాలో ఒక నల్లరాయి ఉండేది. చింతగింజ కంటే కాస్త పెద్దది. ఎప్పుడో ఒక విదేశీ గురువు ఇచ్చి వెళ్ళాడట. ఎవరికైనా పాము కరిస్తే, తాతయ్య మంగలికత్తితో గాటు మీద చిన్న కోత పెట్టి, నెత్తురు రాగానే రాయిని దాని మీద పెట్టేవాడు. రాయి జలగలా కరుచుకునేది. కొన్ని గంటలకు దానంతట అదే రాలిపోయేది. దాన్ని పాలలో వేస్తే బుడగలు వచ్చేవి. అది విషం కక్కడం అనేవాళ్ళు. ఒక నియమం కూడా ఉండేది. రాయి రాలిపోయేదాకా వేరే మందు ముట్టకూడదు, మనిషిని ఊరు దాటించకూడదు. దాటిస్తే మరియమ్మను నమ్మనట్టే. ఆ నియమం ఆ విదేశీ గురువు పెట్టాడో, మా తాతయ్యే చేర్చాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక నా సంగతి. ఒక ఆదివారం జపాలకు వెళ్ళకుండా వాగుకు ఎండ్రకాయలు పట్టడానికి పోయాను. బొరియలో చెయ్యి పెడితే పాము కరిచింది. బయటికి లాగితే దాంతోపాటే వచ్చింది, కళ్ళారా చూశాను. నీరుకట్టు. కరిస్తే మంట తప్ప ఏమీ కాదని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు తెలుసు. కానీ ఇంటి దగ్గర మా నాన్న ముల్లుకర్ర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ కర్ర నా వీపు మీద ఎన్నిసార్లు విరిగిందో లెక్కలేదు. దూరం నుంచే "నల్లత్రాచు, నాయినా!" అని అరిచాను. ఆయన కర్ర పారేసి నన్ను ఎత్తుకున్నాడు. నాకు గుర్తున్నంతలో ఆయన నన్ను ఎత్తుకోవడం అదే మొదటిసారి. తాతయ్య రాయి పెట్టాడు, అది అతుక్కుంది. సాయంత్రానికి రాలింది. గుడి గంట కొట్టారు. ఆ గంట ఆగాక నిజం చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

ఊరంతా నన్ను మొక్కుతుంటే మొక్కనిది పక్కింటి అక్క ఒక్కతే. పద్ధెనిమిదేళ్ళుంటాయి. దుకాణం పొట్లాల కాగితాలు విప్పి నాకు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పింది ఆమే. "ఏమోయ్ అద్భుతమా! పోయి రెండు బిందెలు నీళ్ళు తే పో" అని పని చెప్పేది. నాకు ఆమె దగ్గర ఉంటేనే కాస్త ఊపిరాడేది.

మరుసటేడు తునికాకు కోతల కాలం. పొద్దున్నే అడవికి పోయిన అక్కను పాము కాలి మడమ పైన కరిచింది. వాళ్ళన్న ఆ పామును గొడ్డలితో రెండు ముక్కలు చేసి, అక్కను భుజానేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ముక్కలు కూడా తెచ్చాడు. రక్తపింజర. దాని ఒంటి మీద గొలుసు మచ్చలు అందరం చూశాం. గుడి ముందు మంచం వాల్చి అక్కను పడుకోబెట్టారు. తాతయ్య కోత పెట్టి రాయి అంటించాడు. మరియమ్మ జపమాల మొదలైంది.

రాయి అంటుకుంది గానీ దాని చుట్టూ నెత్తురు ఆగలేదు. గుడ్డ మీద గుడ్డ తడిసింది. కాలు మోకాలి దాకా ఉబ్బి నల్లబడింది. కాసేపటికి అక్క ఉమ్మితే ఎర్రగా పడింది. పంటి చిగుళ్ళ నుంచి కారుతోంది. "విషం దిగుతుంది, చూడుండ్రి" అన్నాడు ఎవరో. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. అక్క నా వైపు చూసి, "భయపడకురా, నువ్వు బతకలే?" అంది. ఆ మాట నన్ను కోసిన కోత ఏ మంగలికత్తీ కొయ్యలేదు.

మధ్యాహ్నానికి వెదురు లారీ వచ్చింది. రోజుకు ఒకటే లారీ. అది దాటితే మళ్ళీ మరునాడే. డ్రైవరు మంచం చూసి దిగి, పాము ముక్కలు చూసి, ఖమ్మం దవాఖానాలో దీనికి సూది ఉంది, జల్దీ ఎక్కించండి అన్నాడు. అక్క వాళ్ళమ్మ జపమాల పక్కన పెట్టి లేచింది. అన్న అడ్డం నిలబడ్డాడు. రాయి పెట్టినంక ఊరు దాటొద్దు అన్నాడు. డ్రైవరు వినకుండా మంచం ఎత్తబోయాడు. అన్న అతని డొక్కలో తన్నాడు. కిందపడ్డవాణ్ణి మరో నలుగురు తన్నారు. ఎవరో విసిరిన రాయికి లారీ అద్దం భళ్ళున పగిలింది. అంతవరకు "దేవమాతా, మాకోసం వేడుకొనుము" అన్న నోళ్ళే అవి. అవే నోళ్ళతో ఆ తిట్లేమిటో! మనుషులు చెడ్డవాళ్ళు కారు. ఆ పిల్ల బతకాలనే తన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

అప్పుడు అన్న నా చెయ్యి పట్టుకుని, ఆ కుడిచేతినే, కోడిపిల్లను లేపినట్టు గాల్లోకి లేపాడు. "వీన్ని చూడుండ్రి! నల్లత్రాచు కరిస్తే బతికిండు. మా చెల్లె బతుకదా? ఇంకెవనికన్న అనుమానం ఉన్నదా?"

రెండో చేతిలో గొడ్డలి ఉంది. దాని మీద పాము నెత్తురు ఎండి అట్టకట్టింది. నా ముఖానికి ఆ గొడ్డలి జానెడు దూరం. నేను చెప్పాను.

"అన్నా, నన్ను కరిచింది నీరుకట్టు."

అతనికి వినపడనట్టు చూశాడు. మళ్ళీ చెప్పాను. త్రాచు కాదు, నీరుకట్టు, కొడతారని అబద్ధం ఆడిన. అతను విదిలించి కొడితే గుడి మెట్ల మీద పడ్డాను. ముందరి పన్ను ఊడి నోట్లోనే ఉండిపోయింది. మా నాన్న వచ్చి జుట్టు పట్టి లేపి, ఊరందరి ముందు పరువు తీస్తవా అంటూ చెంపలు వాయించాడు. ఆయన దెబ్బ ఆపింది తాతయ్య చెయ్యి.

"పోరన్ని కొట్టకు. నన్ను కొట్టు" అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "ఆనాడు గాటు నేను చూసిన. త్రాచు పండ్లు రెండు దిగుతయ్. వీని చేతికి సన్న పండ్లు వరుసగ దిగినయ్, కొడవలి వంపు లెక్క. అది నీరుకట్టే. నాకు తెల్సు. చెప్పలే. ఆదివారం గుడి నిండుతుంటే నోరు రాలే."

నేనొక్కణ్ణే అబద్ధాన్ని మోస్తున్నాననుకున్నాను. ఏడాదిగా ఒకే ఇంట్లో ఇద్దరం మోశాం.

ముసలోనికి మతి చెడిందన్నారు. మరియమ్మను అవమానిస్తున్నాడన్నారు. తాతయ్య వంగి, అక్క కాలి మీది రాయిని ఊడబెరికి పాలలో కడిగాడు. మంగలికత్తితో తన ముంజేతి మీద బెత్తెడు పొడుగు కోసుకున్నాడు. నెత్తురు ఉబికాక దాని మీద రాయి పెట్టి, చెయ్యి పైకెత్తి, బోర్లా తిప్పి, విదిలించాడు. రాయి కదల్లేదు.

"నన్ను ఏ పాము కరిచిందిరా? చెప్పుండ్రి! ఏ పాము?"

జనం ఆయన చేతికేసే చూస్తున్నారు. వాళ్ళకు అర్థమైందని నాకనిపించింది. అర్థమైనందుకే అన్న గొడ్డలి తిరగేసి, మొద్దు వైపుతో తాతయ్య ముఖం మీద కొట్టాడు. తాతయ్య పడ్డాడు. నాకు వేలు పట్టి సిలువ గుర్తు వేయించిన పెద్దమనుషులు కూడా వచ్చి ఆ పడ్డవాణ్ణి కాళ్ళతో కుమ్మారు. మా నాన్న వాళ్ళను లాగబోయి తానూ పడ్డాడు. నేను ఒకడి పిక్క కొరికాను. వాడి తన్నుకు నా ఊపిరి పోయి రావడానికి చాలాసేపు పట్టింది.

అయితే మగవాళ్ళంతా ఒక ముసలివాణ్ణి కొట్టే పనిలో మునిగి ఉండగా, మంచం దగ్గర ఎవరూ మిగల్లేదు. అక్క వాళ్ళమ్మ, మా అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మంచాన్ని అలాగే ఎత్తి లారీలో వెదురు మీద పెట్టేశారు. డ్రైవరు ఒక కన్ను మూసుకుపోయిన ముఖంతోనే, అద్దం లేని లారీని నడిపాడు. చప్పుడు విని మగవాళ్ళు తలలెత్తేసరికి లారీ వాగు దాటింది.

తాతయ్యకు ఎడమకన్ను పోయింది. దెబ్బలు మానాక ఆయన ఏనాడూ దాని గురించి ఎవరినీ ఒక్క మాట అనలేదు. నెలల తరబడి మా ఇంటి గడప ఎవరూ తొక్కలేదు.

అక్క మూడు వారాలకు తిరిగి వచ్చింది. కాలి వేళ్ళు రెండు తీసేశారు, కుంటుతూ నడిచింది, కానీ నడిచింది. గుడి గంట మళ్ళీ కొట్టారు! రాయి సగం విషం తాగింది కాబట్టే సూది పనిచేసిందని మొదలుపెట్టారు. కొత్త అద్భుతం గురించి గురువులందరికీ పెద్దయిన మేత్రాణులకు రాయమని గురువును పట్టుకున్నారు. ఆయన పూజ ముగించి, ఆ వస్త్రాలతోనే నిలబడి చెప్పింది నాకు గుర్తుంది. ఎక్కడైనా అద్భుతం జరిగిందంటే మన కతోలిక సభ మొదట వైద్యులను అడుగుతుందని, దీనికి కారణం మాకు తెలియడం లేదని వాళ్ళు అన్నాకే గురువులు ఆ మాట ఎత్తాలని, ఇక్కడ కారణం తెలుసు, దాని పేరు మందు అని అన్నారు. "మందు పనిచేస్తే దేవుడు పని చేయనట్టు అనుకుంటున్నారేం? మీ రాయి కాల్చిన ఎముక. తడి ఎక్కడుంటే అక్కడ అంటుకుంటుంది. అబద్ధంతో నిలబెట్టాల్సిన దేవుడు మన దేవుడు కాడు." రాయిని జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. మా ఊరు ఆయన్నీ చాలాకాలం క్షమించలేదు.

ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాను. కట్టు కట్టిన కాలు చాపుకుని అరుగు మీద కూర్చుంది. అన్నీ విన్న తర్వాత కూడా నాలో ఏదో ఒప్పుకోలేదు. అంతమంది జపం చేశారు కదా, మరియమ్మ ఏమీ చేయలేదా అక్కా అని అడిగాను.

ముందు నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. "ఇది ఏడాది లేటుగ చెప్పినందుకు" అంది. తర్వాత నా ఊడిన పన్ను సందును వేలితో తడిమింది.

"నన్ను బతికించింది సూది రా. అది నేను కండ్లార చూసిన. గని మా అన్న గొడ్డలి ముందల నీ నోరు ఎట్ల లేచింది? అది ఏ సూదితోటి? పోయి దాని సంగతి మరియమ్మను అడుగు."

అరవై ఏళ్ళకు పైగా అడుగుతూనే ఉన్నాను. ముల్లుకర్రకు భయపడి ఏడాది మూసుకున్న నోరు, గొడ్డలికి భయపడకుండా ఎలా తెరుచుకుందో నాకు తెలియదు. భయం ఒక హద్దు దాటితే మనిషి ఒంట్లో ఇలా జరుగుతుందని, దానికి ఫలానా కారణమని ఏ డాక్టరైనా చెబితే కాదనను, కూర్చుని శ్రద్ధగా వింటాను. విని, గుడికి వెళ్ళి, ఎప్పటిలాగే దానికి కృతజ్ఞత చెప్పుకుంటాను.